మైకమ్మ మౌనవ్రతం

ఆ బస్టాండులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా ఉండదు. డ్రైవర్లకీ కండక్టర్లకీ, టీ కొట్టువాడికీ, ఊడ్చే ఆవిడకీ అందరికీ ఆవిడ మైకమ్మ. పంతొమ్మిదేళ్ళుగా రెండో అంతస్తులో, గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. బెంచీల మీద కునుకు తీసేవాళ్ళు కూడా ఆవిడ గొంతుకి ఎంత అలవాటు పడ్డారంటే, తమ బస్సు పేరు వినపడితేనే కళ్ళు తెరిచేవాళ్ళు. మిగతావాటికి ఒత్తిగిలి పడుకునేవాళ్ళు.

అలాంటి గొంతు ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి పోయింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఏడో నంబరు ప్లాట్‌ఫారం..." అన్నంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత మైకులోంచి తలుపు బందు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది. కింద ఎవరో నవ్వారు. మైకమ్మ నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఆ కిర్రు కూడా రాలేదు.

డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం పెట్టి చూశాడు. "స్వరపేటిక మీద చిన్న చిన్న కాయలు కాశాయమ్మా. పలుగు పట్టేవాడి చేతికి కాయలు కాసినట్టే. మూడు వారాలు మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెరుపు" అన్నాడు. మైకమ్మ నోరు తెరవబోతే వేలు చూపించి మూయించాడు.

ఆవిడ మొగుడు వడ్రంగి. స్వతహాగా ముక్తసరి మనిషి. ఇల్లు మూగబోయేసరికి రెండో రోజుకే పిచ్చెక్కినట్టయింది. గిన్నెలు సర్దుతూ తనే రెండు పక్కలా వాదించుకోవడం మొదలుపెట్టాడు. "ఆ గిన్నె అక్కడ పెట్టకు అంటావు నువ్వు. ఎక్కడైతే ఏంటి అంటాను నేను. తడి గిన్నె మీద పొడి గిన్నె పెడతారా ఎవరైనా అంటావు." కాసేపు గిన్నె వంక చూసి, "నిజమే, నువ్వే కరెక్టు" అని తీసి వేరేచోట పెట్టాడు. మైకమ్మ నవ్వు ఆపుకోలేక దిండులో మొహం దాచుకుంది.

అయితే పగలంతా ఆయన పనిలో ఉండేవాడు. మాట్లాడడమే బతుకుగా ఉన్న మనిషికి పగలు గడవడం కష్టమైపోయింది. అది చూసి ఆడపడుచు వచ్చి, ఫోను లాక్కుని, ఆవిణ్ణి ఒక గ్రూపులో చేర్పించింది. "నోటికి సెలవిచ్చారు గానీ వేళ్ళకి ఇవ్వలేదుగా వదినా. టైపు చెయ్యి" అంది.

గ్రూపు పేరు 'పెరటి వైద్యం'. నాలుగు వందల మంది దాకా ఉన్నారు. ఎవరూ సొంత పేరు పెట్టుకోకూడదు, ఏదో ఒక మొక్కో దినుసో పేరు పెట్టుకోవాలి. అది నడిపేది శొంఠి అనే పెద్దాయన. నలభై ఏళ్ళు మందుల షాపులో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. పేరుకి తగ్గట్టే మనిషి ఘాటు. అల్లం, పుదీనా, వాము అన్నీ అప్పటికే ఎవరో ఒకరు తీసేసుకున్నారు. మైకమ్మ ఆలోచించి, గొంతుకి మంచిదని 'అతిమధురం' అని పెట్టుకుని, తన కథంతా రాసింది.

క్షణాల్లో చిట్కాలు కురిశాయి. తేనె తాగమని ఒకరు, ఆవిరి పట్టమని ఒకరు. పచ్చి మిరియాలు, లవంగాలు కలిపి నమిలి మింగమని ఇంకొకరు. ఆ చివరిది శొంఠి చటుక్కున తీసేశాడు.

"పుండు మీద కారం చల్లుతారటయ్యా ఎవరైనా?" అని దానికింద రాశాడు. తరవాత మైకమ్మని పలకరించాడు. "అమ్మా, డాక్టరుకి చూపించావు, అది మంచి పని. వైద్యం ఆయన దగ్గర, ఊరట మా దగ్గర. గోరువెచ్చటి నీళ్ళు, ఆవిరి, కాస్త తేనె, బోలెడు మౌనం. నీకు బీపీ ఉందా?"

"ఉందండి" అని రాసింది మైకమ్మ.

"అయితే అతిమధురం జోలికి పోకు, బీపీ పెంచుతుంది. పేరు పెట్టుకో, నోట్లో మాత్రం పెట్టుకోకు."

గ్రూపంతా పకపకా నవ్వే బొమ్మలు పెట్టింది. ఆ రోజునించి ఆవిడ అందరికీ 'మధురం అక్క' అయిపోయింది.

వారం తిరిగేసరికి ఆవిడకి ఒక్కొక్కరూ పరిచయమయ్యారు. వాము లారీ డ్రైవరు. లారీ ఆపిన చోటల్లా రోడ్డుపక్క కనపడిన ఆకు ఫొటో తీసి "ఇది దేనికి పనికొస్తుంది?" అని అడుగుతాడు. శొంఠి ప్రతిసారీ "మేకకి" అని జవాబిస్తాడు. పుదీనాకి కవల పిల్లలు. ఆవిడ ఏ సలహా మొదలుపెట్టినా సగంలో ఆగిపోతుంది. కలబంద అనే అమ్మాయి మాత్రం ఎవరితోనూ పెద్దగా కలవదు. ఒక రోజు రెండు అరచేతుల ఫొటో పెట్టి, "వీటికి ఏదైనా లేపనం చెప్తారా?" అని అడిగింది. ఎండిపోయిన చెరువు మట్టిలా పగిలిపోయి ఉన్నాయి ఆ చేతులు.

కలబంద గుజ్జు, కొబ్బరినూనె, మైనం, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మైకమ్మకి మాత్రం వేరే అనుమానం వచ్చి, విడిగా మెసేజ్ పెట్టింది.

"అమ్మాయ్, ఆ చేతులు రోజూ దేంట్లో పెడుతున్నావు?"

చాలాసేపటికి జవాబొచ్చింది. ఆ అమ్మాయి ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు యంత్రంలో వేసే ముందు మరకలున్నవి బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, చేత్తో రుద్దాలి. గ్లౌజులు ఎప్పుడో చిరిగిపోయాయి. మళ్ళీ ఇవ్వలేదు.

"అడగలేదా?"

"మా సూపర్‌వైజరు మొహం చూస్తే నాకు నాలుక పిడచగట్టుకుపోతుంది అక్కా."

"కుండకి చిల్లు పెట్టుకుని ఎంత నీళ్ళు పోసినా నిలుస్తాయా? నూనె రాసి మళ్ళీ బ్లీచింగులో ముంచితే ఏం లాభం? నాలుక పిడచగట్టుకుపోతే కాగితం మీద పెడదాం. నాకూ నోరు లేదు కదా ఇప్పుడు. ఇద్దరు మూగవాళ్ళం కలిసి రాద్దాం."

పంతొమ్మిదేళ్ళు ప్రకటనలు చదివిన మనిషికి రాయడం ఒక లెక్కా? ఏం జరిగింది, ఎక్కడ, ఎన్నాళ్ళనించి, ఏం కావాలి. ఒక్క మాట ఎక్కువ లేకుండా, ఒక్క మాట తక్కువ లేకుండా, ఏడుపూ లేకుండా దెబ్బలాటా లేకుండా పది వాక్యాల్లో తేల్చేసింది. అలవాటు కొద్దీ మొదట్లో 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అని రాసి, మళ్ళీ కొట్టేసింది. శొంఠి ఆ కాగితం చూసి, బ్లీచింగు చర్మాన్ని ఎలా తినేస్తుందో ఒక వాక్యం చేర్చాడు. "ఒక్కదానివే సంతకం పెట్టకు. అందరి చేతా పెట్టించు" అని మైకమ్మ చెప్పి పంపింది.

పదకొండు మంది పెట్టారు. ఆరు రోజులు ఏ కబురూ లేదు. ఏడో రోజు గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. మోచేతుల దాకా పసుపుపచ్చ గ్లౌజులు వేసుకుని పదకొండు మంది ఆడవాళ్ళు చేతులు పైకెత్తి నిలబడ్డారు. మధ్యలో సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, బెదురుబెదురుగా నవ్వుతున్న అమ్మాయి కలబంద. "సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా అక్కా? ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదుగా అన్నాడు" అని కింద రాసింది. మైకమ్మ ఆ ఫొటో మొగుడికి చూపించి, ఎవరికీ వినపడకుండా చప్పట్లు కొట్టింది.

మూడు వారాలూ అయ్యాయి. కాయలు కరిగాయని డాక్టరు సంతోషపడ్డాడు. కానీ మైకమ్మ నోరు తెరిస్తే వచ్చింది ఆవిడ గొంతు కాదు. లోతుగా, గరగరా, బొంగురుగా ఉంది. "అది మీ కొత్త గొంతేనండి, సాధన చేస్తే చక్కబడుతుంది" అంది అక్కడి స్పీచ్ థెరపిస్టు. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, అందులోకి మ్‌మ్‌మ్ అని రాగం తీస్తూ బుడగలు ఊదాలి. రోజూ పొద్దున పావుగంట, ఆరు వారాలు.

మైకమ్మ మూడు రోజులు చేసింది. పక్కింట్లో గేదె అరుస్తోందని ఎవరైనా అనుకుంటారేమో అనిపించింది. నాలుగో రోజు ఉద్యోగంలో చేరడానికి వెళితే స్టేషన్ అధికారి ఇబ్బందిగా నవ్వాడు. "ఇప్పుడు రికార్డు చేసిన గొంతు పెట్టామమ్మా, యంత్రం అదే చెప్పుకుంటుంది. మీరు కొన్నాళ్ళు పోయిన సామాన్ల గదిలో కూర్చోండి" అన్నాడు.

ఆ గదిలో నూట పన్నెండు గొడుగులు, ఒక పెట్టుడు పళ్ళ సెట్టు, ఒంటికాలి చెప్పులు. వాటి మధ్య కూర్చుంటే తనూ ఎవరో మర్చిపోయిన వస్తువే అనిపించింది మైకమ్మకి. స్ట్రా మూల పడేసింది. సాయంత్రం గ్రూపులో, "గొంతు వైద్యం అయిపోయింది. ఇక నాకు సెలవిప్పించండి" అని రాసింది.

"సెలవు చీటీ ఏది?" అన్నాడు శొంఠి. "కారణం రాయకుండా సెలవివ్వడం ఈ ఆఫీసులో లేదు."

కారణం రాయక తప్పలేదు. గేదె సంగతి, యంత్రం సంగతి, గొడుగుల సంగతి అన్నీ రాసేసింది. అప్పుడు, నలుగురిలో పెద్దగా నోరు తెరవని కలబంద రాసింది.

"అక్కా, రేపు పొద్దున ఆరున్నరకి నేను చేస్తాను బుడగలు. నాకు గొంతు నొప్పేం లేదు. అయినా చేస్తాను. మీరు ఒక్కరే గేదె అవడం దేనికి?"

మర్నాడు ఆరున్నరకి మైకమ్మ ఫోను మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. కలబంద రికార్డు చేసి పంపిన బుడగలు సన్నగా, సిగ్గుపడుతూ ఉన్నాయి. వాము పంపినదాంట్లో ఏది మనిషో ఏది లారీ ఇంజనో తెలియలేదు. పుదీనా మొదలుపెట్టగానే కవలలిద్దరూ కలిసి ఏడుపు అందుకున్నారు. శొంఠి గంభీరంగా నాలుగు బుడగలు ఊది, నీళ్ళు పొలమారి, దగ్గుతూ, "ఇదంతా నీ మూలానే" అని గదమాయించాడు. మొత్తం ఇరవై ఏడు మంది.

మైకమ్మ నవ్వింది. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా, పైకే నవ్వింది. వంటింట్లోంచి మొగుడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటే, ఏమైంది?"

"ఏం లేదు. ఆ స్ట్రా ఎక్కడుందో వెతికి పెట్టండి."

"నీ గొంతు బావుందే" అన్నాడాయన, గుమ్మంలోనే నిలబడిపోయి. "ఇదివరకటిలా లేదు. కానీ బావుంది."

అప్పటినించి ఆరు వారాలూ మైకమ్మ కూడా తన బుడగలు ఊది గ్రూపులో పెట్టింది, ఒక్క పొద్దూ తప్పలేదు. ఇరవై ఏడు కాస్తా పన్నెండయింది, తొమ్మిదయింది. తొమ్మిదికంటే మాత్రం తగ్గలేదు. గరగర మెల్లగా పోయింది. లోతు మాత్రం ఉండిపోయింది.

ఆరో వారం చివర్లో కలబంద, "శనివారం మా అమ్మ దగ్గరికి వెళుతున్నా అక్కా. మీ బస్టాండులోనే బస్సు మారాలి" అని రాసింది. అన్నట్టే శనివారం పదకొండింటికి పోయిన సామాన్ల గది గుమ్మంలో నిలబడి, "ఇక్కడ ఒక అక్క దొరికిందని చెప్పారండి" అంది. మైకమ్మ లేచి వెళ్ళి ముందు ఆ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. పగుళ్ళు మానాయి. గీతలే మిగిలాయి.

ఇద్దరూ కూర్చుని ఇంకా క్షేమసమాచారాలైనా పూర్తికాలేదు, బయట గోల మొదలైంది. ఊరి చివర వంతెన మరమ్మతని ఉన్నట్టుండి దారి మూసేశారు. బస్సులన్నీ తారుమారయ్యాయి. యంత్రానికి ఆ కబురు ఎవరు చెప్పాలి? అది మాత్రం తొణక్కుండా బెణక్కుండా, వెళ్ళిపోయిన బస్సుని వస్తోందనీ, మూడో ప్లాట్‌ఫారం మీదున్న బస్సుని తొమ్మిదిలో ఉందనీ చెబుతోంది. పెట్టెలు మోసుకుంటూ జనం అటు పరిగెత్తి ఇటు పరిగెత్తి ఆయాసపడుతున్నారు. స్టేషన్ అధికారి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మైకమ్మా, ఒక్కసారి పైకి రావాలి తల్లీ."

మైకమ్మ తల అడ్డంగా ఊపింది. "నా గొంతు ఇప్పుడు ఎలా ఉందో మీకు తెలీదు సార్. నవ్వుతారు."

"తొమ్మిది మందిమి రోజూ వింటున్నాం, ఎవరైనా నవ్వామా?" అంది కలబంద. సూపర్‌వైజరు మొహం చూస్తే నాలుక పిడచగట్టుకుపోయే ఆ అమ్మాయే, ఆవిడ జబ్బ పట్టుకుని లేవదీసింది. "పదండక్కా. అక్కడ ఒక ముసలాయన మూడుసార్లు మెట్లెక్కి దిగాడు."

పై గదిలో ధూళి పట్టిన కుర్చీ తుడుచుకుని మైకమ్మ కూర్చుంది. యంత్రం నోరు నొక్కేసింది. అధికారి ఇచ్చిన కాగితం ఒకసారి చదువుకుంది. మైకు మీట నొక్కింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పరిగెత్తకండి. ఉన్నచోటే నిలబడి వినండి."

లోతైన ఆ గొంతు కప్పు కింద నెమ్మదిగా పరుచుకుంది. పెట్టెలు కిందికి దిగాయి. తలలు పైకి లేచాయి. ఒక్కో బస్సూ, ఒక్కో ప్లాట్‌ఫారమూ, ఎంత ఆలస్యమో, ఎటు తిరిగి వెళుతుందో చెప్పుకుంటూ పోయింది ఆవిడ. "ఎవరది మైకులో?" అన్నాడు కింద ఒక కండక్టరు. "ఇంకెవరు, మైకమ్మే" అన్నాడు రెండోవాడు. "గొంతుకి పెద్దరికం వచ్చింది."

నలభై నిమిషాల్లో బస్టాండు కుదుటపడింది. మీట కట్టేసి వెనక్కి తిరిగేసరికి కలబంద నేల మీద చతికిలబడి, గోడకి ఆనుకుని, ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. మొత్తం రికార్డు చేసి గ్రూపులో పెట్టేసింది. అందరికంటే ముందు శొంఠి జవాబిచ్చాడు. "గేదె పాలు బావున్నాయి" అన్నాడు.

"సరే గానీ, నీ బస్సు ఏదమ్మాయ్?" అని అడిగింది మైకమ్మ.

కలబంద బస్సు పేరు చెప్పింది. మైకమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇప్పుడే కదే పంపించాను దాన్ని! రెండుసార్లు చెప్పాను! ఐదో నంబరు, ఐదో నంబరు అని!"

"విన్నానక్కా. ఎంత బాగా చెప్తున్నారో అనుకుంటూ కూర్చున్నా. అది నా బస్సని తట్టలేదు."

తరవాతి బస్సు రెండు గంటలకి. సోమవారం నించి మామూలు రోజుల్లో యంత్రం, తారుమారైతే మైకమ్మ, మధ్యలో గొంతుకి విరామం అని అధికారి అక్కడే నిలబడి ఒప్పుకుని వెళ్ళాడు. ఆడవాళ్ళిద్దరూ కిందికి దిగి, టీ కొట్టు పక్క బెంచీ మీద కూర్చున్నారు. కలబంద వాళ్ళమ్మకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. ఎందుకని అడిగితే, "మా అక్క దగ్గరున్నానమ్మా" అంది. నీకు అక్క ఎక్కడిదే అని అవతల ఆవిడ ఆశ్చర్యపోతున్నది మైకమ్మకి కూడా వినిపించింది.

"ఇలా ఇవ్వు ఫోను, నేను చెప్తాను" అని చెయ్యి చాపింది మైకమ్మ.