పేరంటాలు దొడ్డిలో కొలత టేపు

నేను ఒక గుడ్డ టేపును. రవికలూ చొక్కాలూ కొలవడానికి పుట్టిన దాన్ని. ఏ జన్మ పుణ్యమో పశు పరిశోధనా క్షేత్రంలో పడి, దున్నదూడల ఛాతీలు చుట్టి వచ్చాను. ఆ కొలతను బట్టి బరువు లెక్కగట్టేవారు డాక్టర్ ఖాదర్ బాషాగారు.

మాంసానికి పెంచే దూడ బాగా ఎదగాలంటే ముర్రా గేదె జాతి సంకరం ఒక్కటే చాలా, దాణా కూడా కావాలా అన్నది ఆయన తేల్చాలి. అందుకని సంకర దూడల్లో సగానికి గడ్డీ దాణా, పక్క దొడ్డిలో మిగతా సగానికి వట్టి గడ్డి పెట్టించారు. గడ్డి దొడ్డి చూసేది పేరంటాలు. నన్ను మెడలో వేసుకు తిరిగేది. ఆ చెమట వాసన ఇప్పటికీ నాకిష్టం.

నెలనెలా కొలిస్తే రెండు దొడ్లూ సమానం! డాక్టరుగారు పొంగిపోయారు. "సంకరానికి దాణా అక్కర్లేదు పేరంటాలమ్మా! రేపు రైతుల సభలో చెప్పేస్తా" అన్నారు.

ఆవిడ దూడ ఛాతీ మీంచి నన్ను తీసేసింది. పని పోతుందని తెలిసీ నోరు విప్పింది.

"వొద్దయ్యా. రోజూ ఇంటికాణ్ణించి తవుడు కుడితి తెచ్చి నేనే పోశా. పక్కపక్కనే కట్టేసి సగం మందికి పెట్టి సగం మందికి పెట్టకపోతే పాపం గాదంటయ్యా? మీరు దాణా అక్కర్లేదంటే ఊళ్లల్లో దూడలకి ఎవురు పోత్తారు?"

డాక్టరుగారు ఎనిమిది నెలల కొలతల పుస్తకం మూసేశారు. "మళ్లీ మొదలుపెడదాం. ఈసారి పోయనని ఒట్టెయ్" అన్నారు. కొత్త దూడలు వచ్చాయి. ఆవిడ ఒక దూడ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

మాట తప్పలేదు. ఈసారి గడ్డి దొడ్డి దూడల పక్కటెముకలు నాకు ఒక్కొక్కటే తగిలేవి. దాణా దూడలు వాటికన్నా జానెడు లావెక్కాయి. రైతులకు నిజమే చేరింది. కానీ ఆ రెండో ఎనిమిది నెలలూ పేరంటాలు దొడ్డి దగ్గర అన్నం క్యారేజీ విప్పలేదు. ఎక్కడో గోడ వెనక తినేది. నాకు బాధగా ఉండేది.

ఆఖరి కొలత అయింది. మర్నాడు కబేళా లారీ వస్తుంది. ఆ మధ్యాహ్నం ఆవిడ బిందెడు కుడితి తెచ్చి గడ్డి దొడ్డి తొట్టిలో పోసింది. నామీద కూడా చిందింది. తర్వాత దూడల ఎదురుగా కూర్చుని క్యారేజీ విప్పింది.

ఇప్పుడు కరెంటు కాటా వచ్చింది. నేను సొరుగులో ఉన్నాను. తవుడు మరక పడ్డచోట నా అంకెలు చెరిగిపోయాయి.