ఫోన్లో కొండపిగిలి

హరిత ఫోన్లో కూత పెడితే గుట్ట మీది పిట్ట ఎగిరొచ్చి ముందర వాలుతుందనీ, ఆ పిల్ల ఏదో మంత్రం నేర్చిందనీ పక్కింటి నారాయణమ్మ మదనపల్లె బస్సులో అందరికీ చెప్పిందట. "పిలిస్తే మా ఇంటాయన కూడా అంత బిర్నా రాడు" అని కూడా అన్నదట.

మంత్రమేమీ కాదు. అది కొండపిగిలి. ఎక్కడో గాని కనబడని పసుపు గొంతు పిట్ట. బండల సందున పొదల్లోనే గూడు కడుతుంది, ఊళ్లోకి రాదు. తన జాగాలో ఇంకో పిట్ట కూసిందంటే తరమడానికి వస్తుంది. ఫోన్లో రికార్డు చేసిన కూతనూ పిట్టే అనుకుంటుంది పాపం.

పుంగనూరు రోడ్డు వైపు గుట్టను సగం తవ్వి ప్లాట్లు వేసేశారు. మిగతా సగమన్నా నిలవాలంటే పిట్ట ఉన్నట్టు ఫారెస్టు ఆఫీసరు కళ్లారా చూడాలి. ఆయన వచ్చినప్పుడు తప్పకుండా కనబడాలని, డిగ్రీ చదివే హరిత వారం నుంచీ రోజూ కూత పెడుతూంది.

పొద్దున్నే వస్తానన్న ఆఫీసరు ఎండ నెత్తికెక్కినా రాలేదు. హరిత ఫోను ఆపలేదు. ఎప్పుడూ మగపిట్టే వచ్చేది, ఆ రోజు ఆడదీ వచ్చింది. హరితకు సంబరం.

"సాలు లేమ్మా" అన్నాడు తాత వెంకటేశులు. "బండ మీద కాలు పెట్టలేకుండా ఉండాం. నోరు తెరుసుకోని ఎట్ల రొప్పుతాండాయో సూడు."

"ఇప్పుడు ఆపితే యాడికన్నా పోతాయి తాతా. ఇంకొంచేపు."

జీపు వచ్చింది. ఆఫీసరు బైనాక్యులర్స్‌లో చూసి మురిసిపోయాడు. "కుప్పం దాకా గుట్టలన్నీ తిరిగినానమ్మా, యాడా కనపడలా. గూడు కూడా సూపిస్తే ఇంక ఈ గుట్ట జోలికి ఎవరూ రాకుండా సూస్తా."

గూడు ఎక్కడుందో హరితకు తెలుసు. పిల్లల్ని మొన్ననే చూసింది. ఆమె ముందు, ఆఫీసరూ తాతా వెనక, వేడుక చూడ్డానికి వచ్చిన నారాయణమ్మ అందరికన్నా వెనక బండలెక్కారు.

నిరుడు వానలు లేక గూటి మీది పొద ఆకు రాల్చేసి పుల్లలుగా నిలబడింది. ఎండ నేరుగా గూట్లో పడుతోంది. పిల్లల మీద రెక్క చాపి నీడ పట్టాల్సిన తల్లి కింద బండ మీద, లేని పిట్ట కోసం ఇంకా వెతుకుతూనే ఉంది.

గూట్లో రెండు పిల్లలు. నోళ్లు తెరిచే ఉన్నాయి, కదలడం లేదు. గూటి అంచు దాటి చీమలు లోపలికి దిగుతున్నాయి.

హరిత చేతిలో ఫోను కూస్తూనే ఉంది.

"అది ఆపమ్మా" అన్నాడు వెంకటేశులు.

నారాయణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏల ఆపేదప్పా? ఇంక గుట్ట మీద కూసేది అదొకటే గదా."