సైరన్ పాట మోసిన మైకు

నేను ఒక మైకుని. వణకడం నా ఉద్యోగం. మీరు మాట్లాడితే నా జాలీ వెనక ఉన్న పల్చటి పొర వణుకుతుంది. ఆ వణుకే వైరు వెంట పోయి బాక్సుల్లో మీ గొంతుగా మోగుతుంది. వణకని మైకు చచ్చిన మైకు. అందుకే నన్నెవరైనా పిరికిదానివి అంటే నాకు కోపం రాదు. పిరికితనం నాకు పుట్టుకతో వచ్చింది, దానితోనే నా బతుకు గడిచింది.

ఢిల్లీలో ఒక ఇరుకు సందులో, రేకుల షెడ్డులో పుట్టాను. నా మెడ మీద ఏదో విదేశీ పేరు అచ్చేశారు. ఆ పేరు గలవాళ్లకు నేను పుట్టిన సంగతే తెలియదు. పొట్ట మీద ఒక స్విచ్చు పెట్టారు. పైకి తోస్తే పలుకుతాను, కిందికి తోస్తే మూగనవుతాను. ఖరీదైన మైకులకు అలాంటి స్విచ్చు ఉండదట. ఎప్పుడు మాట్లాడాలో వాటికి ఎవరో దూరం నుంచి చెబుతారట. నేను అంత పెద్దింటి దాన్ని కాను.

గోనెసంచిలో రైలెక్కి, గోదావరి పక్కన ఉన్న ఒక బొగ్గుబాయిల ఊరికి వచ్చాను. అక్కడ గనిని బాయి అంటారు. కొమురయ్య అనే ఆయన టెంటుహౌసులో నాకు కొలువు కుదిరింది. పెళ్లిళ్లు, సంతాప సభలు, యూనియన్ మీటింగులు, తప్పిపోయిన మేకల ప్రకటనలు, అన్నీ నా మీదుగానే పోయేవి. మనుషుల్లో ఒక వింత చూశాను. నోరు తెరిచే ముందు ప్రతివాడూ నా నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తాడు, ఉఫ్ ఉఫ్ అని ఊదుతాడు, "హలో హలో" అంటాడు. తన మాట ఎవరికీ వినిపించదేమోనని అందరికీ లోపల భయమే. ఆ విషయంలో వాళ్లూ నేనూ చుట్టాలమే అనుకునేదాన్ని.

నా నెత్తిన మొట్టని మనిషిని ఒక్కణ్నే చూశాను. వినాయక నవరాత్రుల్లో, కార్మికుల కాలనీ మండపం దగ్గర. ఇరవై ఏళ్లుంటాయి. పేరు తిరుమలేష్. పగలు మోటార్లకు తీగ చుట్టే షాపులో పని, మిగిలిన వేళ పాటలు కట్టుకోవడం. నన్ను రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అతని ఊపిరి ముందు తగిలింది, తర్వాత గొంతు.

అతను ఆ రోజు పాడిన పాట మీకు అర్థం కావాలంటే ఆ ఊరి సైరన్ సంగతి చెప్పాలి. బాయి మీద సైరన్ రోజుకు మూడుసార్లు కూస్తుంది, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి. అది షిఫ్టుల లెక్క. దానికి ఎవరూ తల కూడా ఎత్తరు, గడియారాలు సరిచేసుకుంటారు అంతే. కానీ వేళ కాని వేళ కూసిందంటే లోపల ఏదో జరిగినట్టు. అప్పుడు ఆడవాళ్లు పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బాయి గేటుకు పరిగెడతారు. తిరుమలేష్‌కు అయిదేళ్లప్పుడు వాళ్లమ్మ సమ్మక్క అలాగే పరిగెత్తింది. తండ్రిని స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. రెండు రోజులు బతికాడు. ఆయన ఉద్యోగం పెద్దకొడుకు సదయ్యకు ఇచ్చారు. అదే బాయి, అదే గేటు.

*ఏళగాని ఏళ కూసె సైరనూ, గడప దాటి ఉరికె అమ్మ పాదమూ...*

చివర మాటలుండవు. "ఊ" అని మొదలుపెట్టి గొంతును పైపైకి లేపి, అక్కడే నిలబెట్టి, సైరన్ కూసినట్టే కూస్తాడు. ఒక్క ఊపిరిలో పద్నాలుగు సెకన్లు. ఆ రోజు మండపం ముందున్న ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నా పొర చిరుగుతుందేమో అనిపించింది. నిజం చెప్పాలంటే నాకు ఆ పాట నచ్చలేదు. భయమేసింది. నచ్చడం తర్వాత వచ్చింది.

ఎవరో ఫోనులో తీశారు. ఇక చూసుకోండి! నెల తిరక్కుండా ఆ పాట ఆటోల్లోకీ, కాలేజీ హాస్టళ్లలోకీ, పిల్లల పుట్టినరోజుల్లోకీ వెళ్లిపోయింది. హైదరాబాదు నుంచి మ్యూజిక్ కంపెనీ తరఫున ఫణీంద్ర అనే మేనేజరు కారేసుకుని వచ్చాడు. కారు బానెట్టు మీద కాగితాలు పరిచాడు. తిరుమలేష్ సంతోషంతో చదవకుండానే సంతకాలు పెట్టాడు. పాట కంపెనీది అయింది, పాడటం అతనిది అయింది. తిరుమలేష్ అనే పేరు పొడుగ్గా ఉందని తోక కత్తిరించి 'తిరు' అన్నారు. నన్ను కూడా పాత మైకుతో ఫోటోలు బాగా వస్తాయని తీసుకెళ్లారు.

"తీస్కపో బిడ్డా," అన్నాడు కొమురయ్య నన్ను అతని చేతిలో పెట్టి. "నాకాడుంటె పెండ్లిళ్లల్ల బువ్వకు పిలుసుడే దీని పని. నీ నోటికాడుంటె దీనికీ ఇంత పేరొస్తది."

పేరొచ్చింది. వరంగల్, విజయవాడ, విశాఖ, బెంగళూరు. ఎక్కడికి పోయినా ఒకటే అరుపు, "సైరన్! సైరన్!" ఆడవాళ్లు చెప్పులు లేకుండా పరిగెత్తిన పాటకు కుర్రకారు చొక్కాలు తిప్పుతూ ఎగిరింది. మనుషుల్ని తప్పు పట్టను. తమది కాని భయం ఎవరికైనా సరదాగానే ఉంటుంది.

కానీ స్టేజీ మీద బాక్సులన్నీ జనం వైపే మొహం పెట్టి ఉండేవి. పాడేవాడికి తన గొంతు తనకే వినిపించేది కాదు. వినిపించక ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త గట్టిగా పాడేవాడు. ఒక షోలో, ఆ కూత పదో సెకను దగ్గర, నాకు ఒక గీర తగిలింది. పలక మీద బలపం గీరుకున్నట్టు. వేలమందిలో ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది. వారం తర్వాత అది ఎనిమిదో సెకనుకు వచ్చింది, ఇంకో నెలకు అయిదో సెకనుకు. ఎవరికైనా చెబుదామంటే నాకు నోరేది? నేను ఊరందరి మాటా మోస్తాను, నా మాట మోసే మైకు ఇంకా పుట్టలేదు. ప్రతి షో ముందూ అతని ఊపిరి తగలగానే నాకు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నట్టు ఉండేది.

డాక్టరు చూశాడు. "పలుగు పట్టిన చేతికి కాయలు కాసినట్టు నీ గొంతు లోపల కాయలు కాశాయి. రెండు నెలలు మౌనంగా ఉండు. లేకపోతే ఉన్నది కూడా పోతుంది," అన్నాడు. అప్పటికే ఒప్పుకున్న షోలు పదకొండు. అతను మిరియాల నీళ్లు తాగాడు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాడు, షోకు ముందు సూదులు వేయించుకున్నాడు. మౌనంగా మాత్రం ఉండలేదు. పాడకపోతే తనని మరిచిపోతారని అతని భయం. పాడితే గొంతు పోతుందని నా భయం.

"గొంతేందిరా గట్లున్నది?" అని ఫోనులో అడిగింది సమ్మక్క.

"సర్ది చేసిందే అమ్మా."

"నెలసంది సర్దేందిరా? కొడుకా, నాకెందుకో బుగులైతాంది."

అతను నవ్వి పెట్టేశాడు. పక్కన టేబుల్ మీద పడుకున్న నాకు ఆ నవ్వులో కూడా గీర తగిలింది.

ఆఖరు షో సొంత ఊళ్లో పెట్టారు. స్కూలు మైదానం. కాలనీ అక్కడికి అర కిలోమీటరు, బాయి గేటు మైదానం అవతల ఇంకో అర కిలోమీటరు. ఆ పొద్దున తిరుమలేష్ గొంతులోంచి మాటే పీలగా వస్తోంది. ఫణీంద్ర తేలిగ్గా చెప్పాడు.

"ట్రాక్ వేసేద్దాం తిరూ. నువ్వు పెదాలు కదిపితే చాలు. మైకు మ్యూట్‌లో ఉంటుంది."

"మా ఊళ్లె వద్దన్నా. మా అమ్మలక్కల ముందట దొంగపాట పాడుడా?"

"జనానికి కావాల్సింది సైరన్. అది నీ గొంతా, మిషనా అని ఎవడు చూస్తాడు? ఇంకో మాట, మనవాళ్లు నిన్న షిఫ్టు టైములో మీ బాయి సైరన్నే రికార్డు చేసి ట్రాక్‌లో కలిపారు. అదిరిపోతుంది. దాంతోనే షో మొదలుపెడదాం."

తిరుమలేష్ తల వంచుకున్నాడు. ఒప్పుకున్నట్టే. సైరన్ ఆ ఊరిదే అన్న మాట విని కూడా అతనికి ఏమీ తోచలేదు. గొంతు గురించిన భయం అతని బుర్ర మొత్తం ఆక్రమించింది. నాకూ తోచలేదు, అబద్ధమెందుకు.

సమ్మక్క షోకు రాలేదు. "నేన్రానురా. నువ్వు ఆ కూత కూస్తాంటె నా గుండెలు జారుతయ్. ఇంట్లకెల్లే వింట తియ్," అందట. అతను ఎప్పుడూ ఆ పాటను షో చివరన పాడతాడని ఆమెకు తెలుసు. సదయ్య మూడింటి షిఫ్టుకు బాయిలోకి దిగాడు.

సాయంత్రం ఆరున్నర. మైదానం కిటకిటలాడుతోంది. అతను నన్ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. నా స్విచ్చు కిందికే ఉంది, అక్కడ సౌండు మిషను దగ్గర కూడా నన్ను నొక్కిపెట్టారు. బాక్సులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎన్నడూ వినని బలంతో, నిజమైన బాయి సైరన్, వేళ కాని వేళ. మైదానంలో కేకలు, ఈలలు. అతని పెదాలు కదులుతున్నాయి. నాకు మాత్రం పొడి గాలి తగులుతోంది.

మూడు నిమిషాలు గడిచాయి. ముందు వరుసలో ఒకామె ఫోను మోగింది. విని లేచి నిలబడింది. ఇంకో ఫోను, ఇంకొకటి. "బాయిల ఏమో అయ్యిందట!" "ఆరుగురట!" "కాదు, పైకప్పు కూలిందట, సైరనిచ్చిన్రట!" చీకటి పడుతున్న రోడ్డు మీద, మైదానం గోడ అవతల, కాలనీ ఆడవాళ్లు బాయి గేటు వైపు పరిగెడుతున్నారు. ఇంటివాళ్లు బాయిలో ఉన్న జనం మైదానంలో కూడా ఉన్నారు. అందరూ మైదానానికి ఉన్న ఒకే ఒక్క గేటు మీద పడ్డారు. ఒక ముసలమ్మ కింద పడింది. పసిపిల్ల ఏడుపు వినిపించింది.

పాట పోతూనే ఉంది. అందులో సైరన్ రెండోసారి కూయాల్సి ఉంది.

తిరుమలేష్‌కు అప్పుడు అర్థమైంది. నా స్విచ్చు పైకి తోశాడు. "ఆగుండ్రి" అన్నాడు. నేను పలకలేదు, మిషను దగ్గర గొంతు నొక్కి ఉన్నారు కదా. అతను నా నెత్తిన అరచేత్తో బాదడం అదే మొదటిసారి. ఫణీంద్ర కింద నుంచి బొటనవేలు చూపించి మెచ్చుకుంటున్నాడు. ఇదంతా నటన అనుకున్నాడు! తిరుమలేష్ స్టేజీ అంచుకు ఉరికి, సౌండు మనిషిని చూసి నన్ను గాల్లో ఊపుతూ, "మైకియ్యి! దండం పెడ్త, మైకియ్యి!" అని అరిచాడు. ఆ మొహం చూశాడో ఏమో, సౌండు మనిషి ట్రాక్ ఆపి నన్ను తెరిచాడు.

"ఉరకకుండ్రి! ఏం గాలె! అది పాట. బాయిల ఏం గాలె. నా పాటది, పాట..."

ఇంతకాలం నేను మోసిన మాటల్లో అంత బరువైనది లేదు. గొంతు ప్రతి మాటకూ చీలిపోతోంది. ఆపమని నేను లోపల మొత్తుకుంటున్నాను. ఆపితే ఆ గేటు దగ్గర మనుషులు నలిగిపోతారని కూడా తెలుసు. అతను ఆపలేదు. పది నిమిషాలు, అవే మాటలు. "పడ్డోళ్లను లేపుండ్రి. పిల్లలను ఎత్తుకోండ్రి. అమ్మా, అన్న మంచిగున్నడే. నువ్వు ఇంటికి వోవే." చివరి పదిసార్లు పెదాలే కదిలాయి. ఈసారి నేను తెరిచే ఉన్నాను, మోయడానికే ఏమీ లేదు.

ముసలమ్మకు చెయ్యి విరిగింది. ప్రాణాలెవరికీ పోలేదు. అతని మాటలు బాయి గేటు దాకా వినిపించాయట. కానీ అప్పటికే అక్కడికి చేరిన సమ్మక్క నమ్మలేదు. ఎవరో ముసలాయన గొంతనుకుంది. సొంత కొడుకు గొంతు ఆమె గుర్తుపట్టలేదు. సదయ్యను పైకి పిలిపించి, టోపీ లైటుతో ఆమె ఎదుట నిలబెట్టాక గానీ గేటు ఊచలు వదల్లేదు.

ఆపరేషన్ చేశారు. మూడు నెలలు పలక మీద రాసి మాట్లాడాడు. "మాట మిగిలింది, పై గొంతు ఇక రాదు," అన్నాడు డాక్టరు. కంపెనీకి ఇంకో కుర్రాడు దొరికాడు, ఇంకో రెండక్షరాల పేరు పెట్టారు. తిరుమలేష్ మళ్లీ మోటార్లు చుడుతున్నాడు, ఈసారి ఇంట్లోనే. పాటలు రాస్తున్నాడు, వేరేవాళ్లు పాడుతున్నారు. నేను వాళ్ల క్వార్టరులో గూట్లో ఉంటున్నాను.

సైరన్ పాటను మాత్రం అతను ఆపించలేకపోయాడు. కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. అది బాయి సైరన్ కలిపిన ట్రాకుతోనే ఫోనుల్లో తిరుగుతోంది. నేనే మొదట మోసిన పాట అది. ఎక్కడ మోగినా నా పొర వణుకుతుంది.

నిన్న మధ్యాహ్నం సదయ్య బాయిలో ఉన్నాడు. సమ్మక్క బియ్యం చెరుగుతోంది. వీధిలో ఎవరిదో ఫోను మోగింది. అదే కూత. చాట జారిపోయింది, బియ్యం నేలపాలు. ఆమె గడప మీద ఒక కాలు వేసింది, చెప్పులు లేవు. తిరుమలేష్ వైండింగ్ తీగ పక్కన పెట్టి లేచి వెళ్లి ఆమె భుజం పట్టుకున్నాడు. ఆ మిగిలిన గొంతుతో, ఆమె చెవి దగ్గర, ఆ పాట మోగిన ప్రతిసారీ చెప్పే మాటే చెప్పాడు.

"పాటనే అమ్మా. పాటనే."