నిన్న ఏం తిన్నావు

భార్గవి కుప్పం దగ్గర ఒక కాలేజీలో ప్రపంచ పోషకాహారం, ఆరోగ్యం మీద ఎమ్మెస్సీ చదువుతోంది. పుంగనూరు మార్కెట్లో టమోటా క్రేట్లు మోసే నాయన రంగప్ప ఆ కోర్సు పేరు నోరు తిరక్కపోయినా వీధంతా చెప్పుకున్నాడు. ఆఫ్రికాలో పిల్లలు ఎందుకు గిడసబారిపోతారో ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు.

రెండో ఏడు ప్రాజెక్టు పని పుంగనూరు పక్క పల్లెల్లోనే పడింది. గర్భిణులను నిన్న లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం తిన్నారో అడిగి రాసుకోవాలి. తిండి చాలని వాళ్ళ పేర్లు జాబితాకు ఎక్కుతాయి. ఎక్కినవాళ్ళను వారం వారం డాక్టరమ్మ వచ్చి చూస్తుంది.

ఏడో నెల చెంగమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గడపలో అత్త మంగమ్మ. భార్గవి అడగ్గానే చెంగమ్మ ఒకసారి అత్త మొహం చూసి, రెండు ముద్దలు సంగటి, పప్పు, కోడిగుడ్డు, రాత్రి పాలు అని అప్పజెప్పింది. ఆమె గోళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నాయి.

బిడ్డ లావైతే కాన్పు కష్టమని కడుపుతో ఉన్నవాళ్ళకు తిండి తగ్గించడం ఆ పక్క పాత అలవాటు. భార్గవి వాళ్ళ జేజి, రంగప్ప తల్లి, కూడా కోడలికి అట్లాగే చేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, అడిగినా అత్త ముందు ఏ కోడలు ఆకలని చెబుతుంది? ఇదంతా తెలిసిన పిల్లే. కానీ చెప్పిందే రాయాలి, మాట అందించకూడదు అన్నది క్లాసులో నేర్పిన నియమం. ఇంకా ఆరిళ్ళున్నాయి, బస్సు టైమవుతోంది. చెప్పిందే రాసుకుంది. చెంగమ్మ పేరు జాబితాకు ఎక్కలేదు.

రెండు నెలలకు ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. భార్గవి మదనపల్లె ఆసుపత్రికి పరుగెత్తింది. అప్పటికే చెంగమ్మ బిడ్డ, పుట్టిన గంటకే, పోయింది. తల్లికి ఒంట్లో రక్తం లేదని రెండో సీసా ఎక్కిస్తున్నారు.

వరండాలో మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. “నేనూ సగం కడుపుతోనే నలుగుర్ని కన్నానమ్మా. సులువుగా కంటాదనే తగ్గిచ్చినా. దాని మింద పగతో కాదు,” అంది. భార్గవికి ఆమె మీద కోపం రాలేదు. తన మీదే అసహ్యం వేసింది.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. చెంగమ్మతో ఒంటరిగా మాట్లాడడం అదే మొదలు.

“ఆ పొద్దు నిజంగా ఏం తిన్నావు సెంగమ్మా?”

“సగం ముద్ద సంగటి. మజ్జిగ నీళ్ళు.”

“నాతో ఒక్క మాట సెప్పింటే...”

“అత్త ముందర యాడ సెప్పేది? కొళాయి కాడికి నాతో వస్తావేమో, ఆడ సెప్దామని బిందె తీసుకోని లేసినా.”

భార్గవికి గుర్తొచ్చింది. చెంగమ్మ బిందెతో గుమ్మం దాకా వచ్చి, తన వైపు చూస్తూ కాసేపు నిలబడింది. అడ్డంగా ఉన్నానేమో అనుకుని తాను కాగితాలు సర్దుకుని పక్కకు జరిగింది.