తళతళలాడే చక్రాలు

సైకిలు చక్రాలు తుడవడం కూడా ఇంటిపనేనని ఈ మధ్యే తెలిసింది నాకు. గిన్నెలు తోమి, నేల తుడిచి, ఆరిన బట్టలు మడతపెట్టాక, ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపల మెట్ల కింద చతికిలబడి తడిగుడ్డతో రెండు చక్రాలూ తుడుస్తాను. వాటికి వెనక సందులోని మట్టి కనిపిస్తే సైకిలు బయటికి వెళ్ళిందని తెలిసిపోతుంది కదా.

అది మా బావగారి అబ్బాయిది. వాడికి చిన్నదైపోయిందని మా ఇంట్లో పడేసి వెళ్ళారు. మా ఆరేళ్ళ అమ్మాయి దాన్ని చూసిన రోజు నుంచీ అదే ధ్యాస. "నేర్చుకుంటాను నాన్నా" అంటే ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే, "ఆడపిల్లవి, పడి మూతి పగలగొట్టుకుంటే రేపు నిన్నెవడు చేసుకుంటాడే?" అని నవ్వారు. అత్తయ్యగారూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకంటే ఏం చెప్పను? ఈ ఇంట్లో అందరూ నవ్వితే నవ్వడం అలవాటైపోయింది.

పిల్ల మాత్రం నవ్వలేదు. మర్నాడు బడి నుంచి రాగానే, బూట్లైనా విప్పకుండా నా కొంగు పట్టుకుంది. "నాన్న వద్దన్నారు కానీ, నువ్వు వద్దనలేదుగా!" అంది. ఆ వేళకి అత్తయ్యగారు ఇంకా కునుకులోనే ఉంటారు. ఇద్దరం దొంగల్లా వెనక సందులోకి దిగాం.

నాకు సైకిలు రాదు. సీటు వెనక పట్టుకుని పరుగెత్తడం మాత్రమే వచ్చు. ఎవరైనా కిటికీ తెరిస్తే చాలు, ఎగిరిపడే నా ఒంటిని చూసుకుని సిగ్గుతో ముడుచుకుపోయేదాన్ని. ఎదురింటి దర్జీ ఆవిడ మిషను ఆపి మరీ చూసేది. "నేర్చుకునేది పాపా, నువ్వా? ఆయాసమంతా నీదే!" అనేది.

"అమ్మా, పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను తల్లీ."

"పట్టుకోకు!"

"పడతావే!"

"పడితే నేను కదా పడేది!"

పడేది. గొంతుదాకా వచ్చిన ఏడుపు మింగేసి, సైకిలు లేపుకుని "మళ్ళీ" అనేది. ఆ మాట వింటుంటే, నాకోసమని ఏ పనైనా మళ్ళీ మొదలుపెట్టానా ఎప్పుడైనా అనిపించేది.

నిన్న మోకాలు చెక్కుకుపోయింది. కడిగి మందు రాస్తూ, "నాన్న అడిగితే మెట్ల మీద జారానని చెప్పు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! పాలు పొంగిపోతే పాలవాడు తక్కువ పోశాడంటాను. మా అమ్మతో ఫోనులో మాట్లాడితే ఎవరో రాంగ్ నంబరంటాను. జ్వరం ఉన్నా లేదంటాను. ఆయన కొట్టే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. మాట్లాడడం మానేస్తారంతే. ఆ మౌనంలో నాకు ముద్ద దిగదు. అందుకే చిన్న చిన్న మాటలు అడ్డం పెట్టి సంసారం నెట్టుకొస్తున్నాను. వాటిని అబద్ధాలని ఎన్నడూ అనుకోలేదు. సర్దుకుపోవడం అనుకున్నాను.

ఆ సాయంత్రం టీ తాగుతూ అత్తయ్యగారు ఆయనతో అన్నారు: "ఒరేయ్, మెట్ల కింద సైకిలు చూశావా? కమ్మీల నిండా దుమ్ము. చక్రాలు మాత్రం కడిగిన కంచాల్లా మెరిసిపోతున్నాయి."

చక్రాలు తుడిచిన దాన్ని, ఆ పైన నాలుగు కమ్మీలు తుడిచి ఉంటే ఏం పోయేది? మట్టిని దాచాను కానీ, తుడిచిన నా చేతిని దాచలేకపోయాను.

ఆయన నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపల పిల్ల ముందుకొచ్చింది.

"నేనే నాన్నా. బొమ్మకి స్నానం చేయిస్తూ వాటికీ చేయించాను."

"మరి ఆ మోకాలేమిటే?"

"మెట్ల మీద జారాను."

చెబుతూ తల కాస్త దించింది. చిన్నగా నవ్వింది. బల్ల అంచున ఉన్న ఆయన కప్పును లోపలికి జరిపింది. ఆ తల దించడం నాది. ఆ నవ్వు నాది. కప్పు జరిపి మాట మళ్ళించడమూ నాదే. సైకిలు ఇంకా రాలేదు దానికి. ఇది మాత్రం మొదటిసారికే వచ్చేసింది, ఒక్కసారైనా పడకుండా.

"సరేలే" అన్నారాయన. గండం గడిచింది. హమ్మయ్య అని ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఆ ఊపిరికే తల కొట్టేసినట్టయింది. రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడి, నా పిల్లకి నిజం చెప్పే నోరివ్వు తండ్రీ అని వేడుకుంటాను. దేవుడు ఇచ్చే పంపి ఉంటాడు. మూయించింది నేను. సందులో పరుగెత్తినప్పటి సిగ్గు చెమటతో పాటే ఆరిపోయేది. ఈ సిగ్గుని ఏ నీళ్ళతో కడుక్కోను?

"మెట్ల మీద కాదండీ" అన్నాను. "సైకిలు మీద నుంచి పడింది. నేనే నేర్పిస్తున్నాను. అలా చెప్పమన్నదీ నేనే."

అత్తయ్యగారు టీ మింగడం మరిచిపోయారు.

"వద్దన్నాను కదా" అన్నారాయన, నెమ్మదిగా.

"అన్నారు. రేపు కూడా నేర్పిస్తాను."

ఆయన లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మళ్ళీ ఎన్నాళ్ళకు మాట్లాడతారో. అక్కడే కుర్చీలో కూలబడ్డాను. పిల్ల వచ్చి నా ఒడిలో చెయ్యి వేసింది.

"అమ్మా, నాన్నకి కోపమొచ్చిందా?"

అబ్బే, ఏం లేదమ్మా, తలనొప్పిట అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వచ్చింది" అన్నాను.