పిండర్ వంశపు సమాకలని

భూమండలం మీద పిండర్ వంశం అనేది ఒకటి ఉన్నదనీ, దాని చిట్టచివరి ప్రతినిధి నంద్యాలలో, చర్చి వెనుక సందులో, రెండు గదుల అద్దె ఇంట్లో సజీవుడై విరాజిల్లుతున్నాడనీ చరిత్రకారులు గుర్తించకపోవడం కేవలం వారి దౌర్భాగ్యం. ఆ మహనీయుని పేరు పిండర్ ఇమ్మానుయేలు. వయస్సు యాభై రెండు. వృత్తి, ఒక ప్రైవేటు కళాశాలలో గణితం చెప్పడం. రాజ్యం, ఒక బల్ల. సింహాసనం, వీధి వైపు తిప్పి వేసిన పేము కుర్చీ. అంతఃపురం మాత్రం గోడకు వేలాడే ఒక ఛాయాచిత్రం; అందులో ఆయన భార్య ప్రసన్నకుమారి 1967 నుంచీ ఒకే వయస్సులో ఉండిపోయింది. సంతానం లేదు.

వంశం సంగతి ఆయనకు తండ్రి యేసురత్నం చెప్పాడు. యేసురత్నం మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. ఆళ్లగడ్డలో తాతగారు బాప్తిస్మం పుచ్చుకొన్న రోజున పిండర్ అనే దొర ఆయన తేజస్సుకు ముగ్ధుడై, కన్నకొడుకుతో సమానంగా భావించి, తన ఇంటిపేరునే ధారపోశాడట. తండ్రి చెప్పింది అంతే. దానికి ఒక కొండ మీది కోట, ఏటి గట్టున ఒక ఉద్యానం, పన్నెండు వేటకుక్కలు ఇమ్మానుయేలు స్వహస్తాలతో చేర్చినవి. మిషన్ హాస్టల్లో పెరిగిన కుర్రవాడికి రాత్రిళ్లు తలదాచుకోవడానికి ఏదో ఒక భవనం కావాలి కదా. కళాశాల విద్యార్థులు ఈ వైభవాన్ని ఎరగక నల్లబల్ల మీద "పిండం సార్" అని రాసేవారు. ఆయన కోపగించకుండా, సింహాసనం మీద పడిన దుమ్మును దులిపినంత నెమ్మదిగా దానిని తుడిచి పాఠం మొదలుపెట్టేవాడు.

ఆయన బాధ వేరు. ఆ పేరు తనతో ఆగిపోతుంది. పేరు నిలవడానికి కొడుకైనా ఉండాలి, సిద్ధాంతమైనా ఉండాలి. కొడుకును దేవుడు ఇవ్వలేదు. సిద్ధాంతానికి మాత్రం పై అనుమతి అక్కరలేదు. గణితశాస్త్రంలో మనుషులు పోయినా ఇంటిపేర్లు పోవు. రీమాన్ సమాకలని, లెబేగ్ సమాకలని అంటూ పరీక్ష తప్పిన కుర్రవాడు సైతం వారిని ఏటా తలచుకొంటాడు. ఆ వరుసలో పిండర్ సమాకలని ఒకటి ఉండాలన్నదే ఆయన కోరిక. భార్య బతికుండగా, 1961లో మొదలైన ఆ తపస్సు పదిహేడేళ్లు సాగింది.

సమాకలని అంటే వైశాల్యం కొలిచే పద్ధతి; విషయం పైకి సులభమే. ఒక వక్రరేఖ కింద ఉన్న వైశాల్యం కొలవాలంటే దానిని సన్నని పట్టీలుగా కోసి, పట్టీలను కూడుతారు. పట్టీలు ఎంత సన్ననివైతే కొలత అంత ఖచ్చితం. పాత పద్ధతిలో అన్ని పట్టీలకూ ఒకే హద్దు. ఇంతకు మించి ఏదీ వెడల్పు ఉండరాదు. కాని కొన్ని రేఖలు ఒక చోట బుద్ధిగా నడచి, మరొక చోట పూనకం వచ్చినట్లు ఊగిపోతాయి. అక్కడ ఈ హద్దు చాలదు. ఇమ్మానుయేలు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, హద్దు అంతటా ఒకటే ఎందుకుండాలి? ప్రతి బిందువునూ దానికి ఎంత దగ్గరి కాపలా కావాలో అడగాలి. శాంతంగా ఉన్న చోట వెడల్పు పట్టీ, అల్లాడే చోట సన్న పట్టీ. ఇంత చిన్న మాట నిరూపణతో సహా నలభైమూడు పుటలైంది.

1977లో పరీక్షపత్రాలు దిద్దడానికి తిరుపతి వెళ్లినప్పుడు, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక పాత ఆంగ్ల పత్రిక ఆయన కంటపడింది. అందులో సమాకలనుల మీద వ్యాసం రాసినవాడు ఆర్థర్ హేవార్డ్ అనే ఆచార్యుడు. చందా ఆగిపోవడం వల్ల ఆ పత్రిక అక్కడ 1956తో ముగిసింది. శాస్త్రం కూడా 1956లోనే ఆగి తన కోసం ఎదురుచూస్తున్నదని ఇమ్మానుయేలు నమ్మాడు. మరుసటి ఫిబ్రవరిలో నలభైమూడు పుటలూ పత్రికలో అచ్చైన హేవార్డ్ ఇంగ్లాండు చిరునామాకు పంపాడు. వాటితో జతచేసిన ఉత్తరంలో వినయంగా ఒక వాక్యం చేర్చాడు: మీ దేశంలో పిండర్ వారి కోట ఇంకా నిలిచి ఉన్నదా?

అప్పటి నుంచి పేము కుర్చీ వీధి వైపు తిరిగింది. మధ్యాహ్నం మూడున్నరకు పోస్ట్‌మన్ సంజీవయ్య సైకిలు సందులోకి మళ్లేది.

"ల్యాదు సార్. ఈ దినం గూడ ల్యా."

"రేపు చూడప్పా."

"చూస్తా. ఇంగ్లాండులో మీకు చుట్టాలుండారా ఏందీ?"

"ఉండారేమోనని కనుక్కుంటాండా."

"కనుక్కోండి సార్. మాకు శిరివెళ్లలో ఉండే చుట్టాలే పలకరు."

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం సంజీవయ్య సందు మొదట్లోనే బెల్లు కొట్టడం ప్రారంభించి, గుమ్మం దాకా ఆపలేదు.

ఉత్తరం అయిదు పుటలు. మొదటి పుటలో సగం మాత్రమే గణితం. మీ నిరూపణలో ఒక్క పంక్తి కూడా తప్పులేదని హేవార్డ్ రాశాడు. అయితే ఇదే సమాకలనిని ఇరవై ఏళ్ల కిందట ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టారనీ, దానికి వారి పేర్లే స్థిరపడిపోయాయనీ, ఈ మాట చెప్పవలసి వచ్చినందుకు తన మనస్సు బాగాలేదనీ రాశాడు. పదిహేడేళ్ల తపస్సుకు వరం ఆ సగం పుట.

తక్కిన నాలుగున్నర పుటలూ ఇంటిపేర్లు. ఆచార్యుడు గణితం మానేసి పదేళ్లయిందట. ఇప్పుడు ఇంగ్లీషు ఇంటిపేర్ల పుట్టుక వెదకుతున్నాడు. స్మిత్ అంటే కమ్మరి. కూపర్ అంటే పీపాలు చేసేవాడు. ఫ్లెచర్ అంటే బాణాలు కట్టేవాడు. మహారాజుల్లా వినిపించే పేర్లలో చాలావాటిని విప్పి చూస్తే లోపల ఎవరో ఒకరు చెమటోడుస్తూ ఉంటారు. ఇక పిండర్: కోట సంగతి తనకు తెలియదు కాని, ఉత్తర ప్రాంతపు పల్లెల్లో, పరాయి పొలంలో పడిన పశువులను కట్టి ఉంచే దొడ్డికి కాపలావాణ్ణి ఆ పేరుతో పిలిచేవారు. హేవార్డ్ అంటే చేల కంచెలు చూస్తూ, దారితప్పిన పశువును పట్టి ఆ దొడ్డికి తోలేవాడు. "కనుక ఏడు వందల ఏళ్లుగా మీరూ నేనూ సహోద్యోగులం" అని రాశాడాయన. చివర ఒక ప్రశ్న. ఆ దొడ్లకు కంచె ఏ విధంగా కట్టేవారో మూడు జిల్లాల్లో అడిగినా చెప్పగలవారు బతికి లేరు. మీ దేశంలో ఎవరికైనా తెలుసునా? తొందరేమీ లేదు, ఈ ఇంట్లో ఉత్తరాలు చదివేది నేనొక్కణ్ణే.

కోట కూలడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేము. వేటకుక్కలు మాత్రం వెంటనే వెళ్లిపోయాయి.

ఆదివారం ఆరాధన ముగియగానే ఇమ్మానుయేలు ఆళ్లగడ్డ బస్సు ఎక్కాడు. అక్కడ ఆయన మేనత్త ఏసమ్మ ఉన్నది. ప్రసన్నకుమారిని సమాధి చేసిన తరువాత ఆయన ఆ గడప తొక్కలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల ఏసమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతున్నది. చాట ఆపకుండానే మేనల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"పదకొండేండ్లాయ. దారి తప్పినావా ఏమిరా?"

"ఊరికే వచ్చినా అత్తా."

"ఊరికే వచ్చేవోనివి కాదు నువ్వు. ఏందో చెప్పు."

"తాతకు పేరిచ్చిన పిండర్ దొర ఎవరత్తా?"

ఏసమ్మ నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వయింది. "ఆ పేరు దొర యాడా ల్యాడు రా! మీ నాయన అల్లిన దొర. మా నాయన బందెలదొడ్డి కాపలా. చేన్లో పడి మేసిన గొడ్లను తోలుకొచ్చి ఇస్తే దొడ్లో పెట్టేటోడు. బాప్తిస్మం దినం మిషన్ దొర ఇంటిపేరు అడిగినాడంట. ఈయన చెప్పింది దొరకు నోరు తిరగలా. పనేం చేస్తావని అడిగినాడు. చెప్పినాడు. దొర నవ్వి, 'మా ఊర్లో గూడ నీ మాదిరోడు ఒగడుండాడు' అని పుస్తకంలో ఏందో రాసుకున్యాడు. అదీ మన గొప్ప."

"నాయన ఎందుకట్లా చెప్పినాడు?"

"అయ్యవారయినాక దొడ్డి వాసన పనికిరాలా. ఇంకేముంది?"

"దొరకు నోరు తిరగని ఆ ఇంటిపేరు ఏందత్తా?"

చాట ఆగింది. "తెలీదు నాయనా. నాకు బుద్ధొచ్చేసరికే పిండరోళ్లం. మా అన్నకు తెల్సుండు, నోరిప్పకనే పాయ. ఇన్నేండ్లు ఎవరడిగినారు?"

నిలబెట్టాలని పదిహేడేళ్లు మోసిన పేరు ఒక ఉద్యోగం పేరుగా తేలింది. నిలబెట్టవలసిన పేరు ఏదో చెప్పగలవారు భూమి మీద మిగలలేదు. ఇంత సంపూర్ణమైన దారిద్ర్యం ఏ రాజవంశానికీ సంక్రమించి ఉండదు.

"తాత కంచె ఎట్లా కట్టేటోడో తెల్సునా?"

"ఎమ్మెస్సీ సదివి కంచెలు అడగతాండావా?"

"ఇంగ్లాండులో ఒక ముసలాయన అడగతాండాడు."

"ఆయనకేం పని ల్యాదా?"

"ల్యాదత్తా. నాకూ ల్యాదు."

ఏసమ్మ అతని ముఖం వైపు చూసి, చాట పక్కన పెట్టింది. చీపురు నుంచి పుల్లలు విరిచి వాకిటి మట్టిలో గుండ్రంగా నాటసాగింది. ఒక వైపు వేలెడు ఎడం, ఇంకొక వైపు జానెడు.

"అన్ని తావులా ఒకే ఎడం ఉండాల కదా అత్తా."

"ఉండగూడదు. అట్లా నాటితే కంప చాలదు, గొడ్డూ ఆగదు. గొడ్డు అన్ని దిక్కులా తోయదు రా. దాని ఇల్లుండే దిక్కుకే తోస్తాది. శిరివెళ్ల గొడ్డు ఉత్తరం కంచెను తోస్తాది. అహోబిలం దారి గొడ్డు తూర్పు కంచెను. మా నాయన మొదట 'ఇది యా ఊరిది' అని అడిగేటోడు. ఆ దిక్కున గుంజలు దగ్గర దగ్గరగా నాటి కంప కట్టేటోడు. మిగతా యాడ గజం సందున్నా అది పోదు."

ఇమ్మానుయేలు కుక్కిమంచం అంచున కూర్చుని ఆ పుల్లలను చూస్తూ ఉండిపోయాడు. అల్లాడే చోట దగ్గరగా, ఊరుకున్న చోట దూరంగా. ఎంత దగ్గరి కాపలా కావాలో ముందుగా అడగాలి. నలభైమూడు పుటలూ ఆ మట్టిలో నాటి ఉన్నాయి. ఆధునిక గణితంలో ఆ సమాకలని ఎవరిదన్న వివాదం ఎప్పుడైనా తలెత్తితే, తీర్పు ఆళ్లగడ్డ బందెలదొడ్డికి అనుకూలంగా రాక తప్పదు. ఆ మాట పైకి అని నవ్వుదామనుకొన్నాడు. నోట వేరే మాట వచ్చింది.

"యా ఊరిదో తెలీని గొడ్డు వస్తే?"

"అదా? అది యాడా తోయదు రా. నడిమిట్ల నిలబడి ఉంటాది. దానికి కంచె గూడ అక్కర్లా."

పుల్లల నడుమ మట్టి ఖాళీగా ఉంది. ఇమ్మానుయేలు చాలా సేపు అక్కడే చూశాడు. ఏసమ్మ లోపలికి వెళ్లి జొన్నరొట్టె, చెనగ్గింజల ఊరిమిండి పచ్చడి తెచ్చి చేతిలో పెట్టింది. రెండు దినాలు ఉండమన్నది. సోమవారం పాఠం ఉన్నదన్నాడు ఆయన; అది అబద్ధం కాదు. నిజంగానే ఉన్నది.

మరునాడు సాయంత్రం ఆయన పాత పద్ధతిలో సుదీర్ఘమైన ఉత్తరానికి కూర్చున్నాడు. మూడు వాక్యాల తరువాత దానిని కొట్టేసి, విదేశాలకు పంపే ఏరోగ్రామ్ ఒకటి తీసుకొని, గుండ్రని కంచె బొమ్మ గీశాడు. శిరివెళ్ల దారి వైపు గుంజలు దగ్గరగా, తక్కిన చోట్ల దూరంగా. కింద ఏసమ్మ మాటలు ఇంగ్లీషులో రాశాడు. దీనికి నిరూపణ అవసరం లేదనీ, చెప్పగలిగిన మనిషి బతికే ఉన్నదనీ చేర్చాడు. నలభైమూడు పుటల నకలు మీద పెద్ద అక్షరాలతో ఉన్న శీర్షికలోంచి పిండర్ అన్న మాటను ఒక గీతతో కొట్టేసి, కట్టను ట్రంకుపెట్టెలో పెట్టాడు. ఛాయాచిత్రంలోని ప్రసన్నకుమారి ఆ కోటను ఎన్నడూ నమ్మలేదు.

మరుసటి మధ్యాహ్నం మూడున్నరకు సంజీవయ్య వచ్చినప్పుడు ఏరోగ్రామ్ అతని చేతికే ఇచ్చాడు. సంజీవయ్య అలవాటు కొద్దీ దానిని వెనక్కు తిప్పి చదివాడు.

"పంపేవారి తావున ఒట్టి ఇమ్మానుయేలనే రాసినారే సార్. ఇంటిపేరు?"

"అది పేరు కాదప్పా. పని. మా తాత చేసినాడు, నేను చేయలా."

"అసలు పేరు రాయండి మరి."

"తెలీదు. అడిగేదానికి ఎవరూ ల్యారు."

సంజీవయ్య తల గోక్కున్నాడు. "మన టౌన్లో ఇమ్మానుయేళ్లు ఎంతమందో తెల్సునా సార్ మీకు? నా బీట్లోనే పద్నాలుగు మంది."

"అయితే జవాబు చేరదంటావా?"

"చేరకేం?" అన్నాడు సంజీవయ్య, ఏరోగ్రామ్‌ను సంచిలో వేసుకొని సైకిలు స్టాండు తన్నుతూ. "పద్నాలుగు మందిలో ఇంగ్లాండు జాబు కోసం వీధిలోకి కుర్చీ వేసుకొని కూచునేది మీరొక్కరే కదా."

సైకిలు సందు చివర మలుపు తిరిగేదాకా ఇమ్మానుయేలు గుమ్మంలో నిలబడ్డాడు. తరువాత కుర్చీని లోపలికి జరపబోయి ఆగి, అది ఉన్న చోటనే, వీధి వైపే ఉంచి కూర్చున్నాడు.