ఊచల్లేని గేటు

పాప పాకడం మొదలుపెట్టిన వారానికే ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లు అరిగిపోయాయి. మొన్న పాలు పొంగాయని తల్లి వంటింట్లోకి పరుగెత్తి వచ్చేసరికి, ఈవిడగారు మేడమెట్ల అంచున కూర్చుని కిందికి తొంగిచూస్తోంది. తల్లి ఒక్క అంగలో వెళ్లి పాపను లాక్కుంది. మెట్లకు గేటు పెట్టేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదని మొగుడికి తేల్చిచెప్పింది.

మొగుడు జైల్లో వార్డరు. గేట్ల సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా? భార్యతో కలిసి దుకాణానికి వెళ్లి ఇనుప గేటు, చెక్క గేటు, మడతపెట్టే గేటు అన్నీ చూశాడు. అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. అన్నిటికీ ఊచలున్నాయి మరి. పొద్దస్తమానం ఊచల వెనక మనుషుల్ని చూసి ఇంటికొచ్చేవాడు కన్నకూతుర్ని కూడా ఊచల వెనకే చూడాలా అని ఆయన బాధ. ఆ ముక్క భార్యకు చెప్పుకోలేక, ఊచలు తుప్పుపడతాయన్నాడు. చెక్కవి కూడానా అని ఆవిడ అడిగితే, దుకాణదారు మొహం అటు తిప్పుకున్నాడు.

చివరికి వడ్రంగి చేత నిండు పలక ఒకటి చేయించి తలుపులా బిగించాడు. సూది దూరే సందు కూడా లేదు. పంతం నెగ్గిందని మీసం దువ్వుకున్నాడు.

ఆ మురిపెం మర్నాటి సాయంత్రం దాకానే. డ్యూటీ దిగి, మెట్లెక్కి, పలకను లోపలికి నెట్టాడు. నాన్న అడుగుల చప్పుడు విని పాకుతూ వచ్చిన పాప సరిగ్గా దాని వెనకే ఉంది. పలక తగిలి నుదుటిమీద బొప్పి కట్టింది. పాప ఏడుపు ఆపినా ఆయన తేరుకోలేదు. భార్య పాప నుదుటికి తడిగుడ్డ అద్దుతూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తెల్లారగానే వెళ్లి ఊచల గేటు తెచ్చి బిగించాడు.

ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే పైన పాప కనిపించింది. ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. అంతకుముందెన్నడూ నిలబడి ఎరగదు. నాన్నను చూసి ఉన్న రెండు పళ్లూ బయటపెట్టి నవ్వింది. ఊచల సందులోంచి చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిని పట్టుకుని, మెత్తగా, మర్యాదగా లోపలికి నెట్టేశాడు.

ఖైదీలను చూడడానికి వచ్చే పిల్లలు నాన్నల కోసం ఇలాగే చేతులు దూరుస్తారు. దూర్చకూడదన్నది రూలు. వాటిని వెనక్కి తీయించడం ఆయన ఉద్యోగం. ఇప్పుడూ చెయ్యి తన అలవాటు కొద్దీ పని కానిచ్చేసింది. తను చేసిందేమిటో తెలిసొచ్చి, సిగ్గుతో, దుఃఖంతో ఆయన ఆ మెట్టుమీదే ఆగిపోయాడు.

పాప ఇదేదో ఆట అనుకుంది. మళ్లీ చాపింది.

ఈసారి ఆయన మెట్టుమీద కూలబడి వేలు అందించాడు. పాప గట్టిగా పట్టుకుంది.

అలికిడి విని భార్య వచ్చింది. "అదేంటండీ, అక్కడే కూర్చున్నారు? గడియ తీసుకుని లోపలికి రావచ్చుగా."

"వస్తాలే," అన్నాడాయన. "ముందు దాన్ని వదలనీ."